కోటిరత్నం గోతం సంచి

మా వీధిలోకి కోటిరత్నం వస్తోందని కళ్లతో చూసి తెలుసుకోనక్కర్లేదు, ముక్కే చెబుతుంది. ఇరవై ఏళ్లుగా గుంటూరులో మిరపకాయల గోడౌన్‌లో తొడిమలు తీస్తోంది. ఆవిడ ఇక్కడ చీర దులిపితే పొన్నూరులో పిల్లులు తుమ్ముతాయి. ఆవిడకు మాత్రం చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

అలాంటి మనిషి 2006లో పిట్టల్ని చూడ్డానికి నల్లమల వెళ్లింది. పక్కింటి సైన్సు టీచరు జ్యోతిర్మయి ఏటా స్నేహితులతో దోర్నాల అవతల అటవీ కేంద్రానికి వెళ్తుంది. నడకలు, సైకిళ్లు, మెడలో బైనాక్యులర్లు. ఆ ఏడు వ్యాన్‌లో ఒక సీటు మిగిలితే ఈవిణ్ణి రమ్మంది. ఇంకేముంది, అడవి పిట్టను కళ్లారా చూసొస్తానని గోడౌన్‌లో నలభైమంది ముందు చాటేసింది.

"కాకిని చూసొచ్చి నెమలని చెప్పేవు, మాకు తెలుసులే," అంది పక్కన కూర్చునే మస్తాన్‌బీ. చూడకుండా తిరిగొచ్చిందా, ఇక తొడిమలతో పాటు ఈవిడ పరువూ తీస్తారు.

మొదటిరోజు సాయంత్రం ఊపిరి బిగబట్టి అందరూ చెట్టు కింద నిలబడ్డారు. కొమ్మ మీద నీలం పిట్ట. ఈవిడ మెడ ఎత్తేలోగా వెనకాల ఒకాయన తుమ్మాడు. ఆ వెంటనే ఎనిమిదిమందీ దీపావళి సీమటపాకాయల్లా అందుకున్నారు. ఆ పిట్ట కర్నూలు దాకా ఆగి ఉండదు. తర్వాత సైకిళ్లు. ఈవిడకు తొక్కడం రాక జ్యోతిర్మయి వెనక కూర్చుంది. మూడో తుమ్ముకి ఇద్దరూ తుప్పల్లో ఉన్నారు.

"పిన్నిగారూ, ఏమీ అనుకోకండి," అంది జ్యోతిర్మయి ముళ్లు తీసుకుంటూ. "రేపు పొద్దున నడక్కి మీరు గదిలోనే ఉండండి."

"రేపు మధ్యాన్నమేగా మన తిరుగు ప్రయాణం? మరి నేనెప్పుడు చూడాలమ్మా పిట్టని?"

జ్యోతిర్మయి జవాబు చెప్పబోయి తుమ్మింది.

కోటిరత్నం ఆ పూట రెండుసార్లు తలంటుకుంది. సబ్బు అరిగిపోయింది గానీ ఘాటు పోలేదు. తెల్లారి అందరూ వెళ్లిపోయాక గదిలో ఒక్కతే కూర్చుంటే తట్టింది: ఘాటు ఒంటిది కాదు, సంచిది! గోడౌన్‌లో చిరిగిన మిరప గోతాన్ని తనే సంచిగా కుట్టుకుంది. బట్టలన్నీ అందులోనే తెచ్చింది. వెంటనే సంచిని వరండా మెట్ల మీద తిరగేసి, కసిదీరా బాదింది. కుట్లలో ఇరుక్కున్న గింజలు జలజలా రాలాయి. చీపురు కోసం లోపలికెళ్లి వచ్చేసరికి మెట్ల మీద ఆ గింజలు కొరుకుతూ ఒక రామచిలక.

దాని వెనక మరో రెండు. తర్వాత ఎర్రముడ్డి పిగిలిపిట్టలు. గొంతు విప్పితే గోడౌన్ పైకప్పు లేచిపోయే మనిషి, చీపురు పట్టుకుని గుమ్మంలో రాయిలా నిలబడిపోయింది.

నాలుగు మైళ్లు నడిచి ఒక్క కాకిని చూసి తిరిగొచ్చిన వాళ్లు గేటు దగ్గరే ఆగిపోయారు. జ్యోతిర్మయి ముక్కుకి చున్నీ కట్టుకుని, పిల్లిలా వచ్చి, బైనాక్యులర్ తీసి ఆవిడ మెడలో వేసింది. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. అంత దగ్గరున్న వాటికి అద్దాలెందుకు?

సోమవారం గోడౌన్‌లో పిట్టలు వందయ్యాయి, నా దగ్గరికొచ్చేసరికి వెయ్యి. మస్తాన్‌బీ నమ్మకపోతే కోటిరత్నం తొడిమ తీస్తూనే అంది:

"అన్ని గింజలు తిన్నాయే, ఒక్కటి తుమ్మితే ఒట్టు. మన జాతే."