ఆగయ్య కొలిచిన తెలివి

ఆగయ్యకు ఎదురుపడి తెలివి కొలిపించుకోకుండా తప్పించుకోవడం గోదావరిఖనిలో ఎవరి తరమూ కాదు. నమస్తే పెట్టేలోపే మీ చేత అంకెలు వెనక నుంచి చెప్పించి, చొక్కా జేబులోని నోటుబుక్కులో ఏదో గీకి, ఇక పొమ్మంటాడు. మీకెంత వచ్చిందో మాత్రం చచ్చినా చెప్పడు.

ఈ పాపంలో మమతకూ వాటా ఉంది. ఆగయ్య ఆమెకు స్వయానా కాక, అంటే నాన్న తమ్ముడు. బొగ్గు బాయిలో సర్వే వాళ్ల వెంట ముప్పై ఒక్క ఏళ్లు టేపు పట్టుకుని తిరిగాడు. రిటైరైన మర్నాటి నుంచి కొలవడానికేమీ లేక తలుపులు, మంచాలు, చివరికి భార్య శోభ చేసే రొట్టెలు కొలవసాగాడు. ఆ బాధ పడలేక శోభ ఫోన్ చేస్తే, చదువుకుంటూ ఓ మూల కూర్చుంటాడులే అని మమత తన బీఎడ్ సైకాలజీ పుస్తకం ఇచ్చి వచ్చింది. మనిషి తెలివిని కూడా కొలవొచ్చని అందులో రాసి ఉంది. అంతే, రొట్టెలు బతికిపోయాయి, ఊరు దొరికిపోయింది.

మొదట దొరికినవాడు మంగలి సదయ్య. తన గడ్డం గీస్తున్న మనిషికి ఏడు అంకెలు చెప్పి, వాటిని తిరగేసి చెప్పమన్నాడు ఆగయ్య. సదయ్య కళ్లు మూసుకుని ఆలోచించాడు గానీ కత్తి ఆపలేదు. ఆగయ్య నలభై ఏళ్లుగా పెంచిన మీసంలో సగం నేల మీద పడింది. ఆగయ్యకు కోపం రాలేదు. కళ్లు మూసుకుంటే సదయ్యకు అంకెలు బాగా గుర్తుంటున్నాయని రాసుకుని, మిగతా సగం కూడా తీసెయ్యమన్నాడు.

దవాఖానలో బీపీ చూపించుకుంటున్న రాయమల్లును వందలోంచి ఏడేడు తీసేస్తూ రమ్మన్నాడు. డెబ్బై తొమ్మిది దగ్గరికొచ్చేసరికి రాయమల్లు బీపీ నూట తొంభై దాటింది. కొత్త మాత్ర రాయబోయిన డాక్టరు పక్కనే ఉన్న ఆగయ్యను చూసి, చీటీ చింపి, మనిషిని మళ్లీ రేపు రమ్మన్నాడు.

కూరగాయలమ్మే సారవ్వను టమాటకూ ఆలుగడ్డకూ పోలికేమిటని అడిగాడు. రెండూ కూరగాయలే అనాలని పుస్తకం అంటుంది. సారవ్వ మాత్రం, "రెండూ మొన్నటి సంది పిరమైనయి, ధరలు మండుతున్నయి" అంది. తనకెంత వచ్చిందో చెప్పకపోతే తట్ట దగ్గర నిలబడొద్దని కూడా అంది. అందరిదీ అదే గోల. చెప్పడం లేదంటే తక్కువ వచ్చే ఉంటుందని ఎవరికి వాళ్లకే అనుమానం. టీ తాగించి అడిగారు, బెదిరించి అడిగారు. ఆగయ్య టీ తాగేవాడు, బెదిరేవాడు, నోరు మాత్రం విప్పేవాడు కాదు.

ఇలా నాలుగేళ్లు నడిచాక, మమత పాఠాలు చెప్పే ప్రైవేటు బడికి అసలైన కొలత వచ్చింది. ప్రిన్సిపాల్ వేణుమాధవ్ సిటీ నుంచి దీప అనే సైకాలజిస్టును పిలిపించి పిల్లలందరికీ తెలివి పరీక్ష పెట్టించాడు. సగటు వంద అయితే, రెండో తరగతి జూహీకి డెబ్బై వచ్చింది. ఈ అమ్మాయి మిగతా పిల్లలతో సమానంగా నడవలేదని, నెలాఖరుకు టీసీ తీసుకెళ్లమని జూహీ తండ్రిని పిలిచి చెప్పాడు వేణుమాధవ్.

జూహీ తండ్రి అబ్దుల్ రజాక్‌ది ఆగయ్య ఇంటి ఎదురుగానే స్కూటర్ రిపేరు షాపు. ఆ సాయంత్రం మమత అటు వెళ్లేసరికి అతను విప్పిన ఇంజను ముందు పానా పట్టుకుని ఊరికే కూర్చుని ఉన్నాడు. పక్కన జూహీ నట్లను సైజుల వారీగా డబ్బాల్లో వేస్తోంది, ఒక్కటీ తప్పడం లేదు. మమత నేరుగా ఎదురింట్లోకి నడిచింది. జరిగింది కాకకు చెప్పింది.

"ఏమడిగిండ్రట?" అన్నాడు ఆగయ్య.

పరీక్షప్పుడు పక్కనే ఉన్న మమతకు ఒకటి గుర్తుంది. ఒక ఇంటి బొమ్మ చూపించి, ఇందులో ఏం లేదో చెప్పమన్నారు. పొగ పోయే చిమ్నీ లేదనాలి. జూహీ కూలర్ లేదంది.

మర్నాటి నుంచి ఆగయ్య ఇంటి పట్టున లేడు. ఆ బొమ్మ గీయించి, జిరాక్సులు తీయించి, షిఫ్టు మారే వేళ బాయి గేటు దగ్గర, బస్టాండులో, రామగుండం స్టేషన్లో కనబడ్డవాళ్లందరినీ పట్టుకున్నాడు. మీ కాకకు పూర్తిగా ముదిరిందని తోటి టీచర్లు మమతతో అన్నారు. మమత ఆ కోపమంతా ఆయన మీదే చూపించింది. "ఆ పిల్ల చదువు ఆగమైతుంటే నీకు ఆటగుందా కాకా?" అంది. ఆగయ్య చెప్పులేసుకుని మళ్లీ బయటికి పోయాడు.

నెలాఖరున రిపోర్టులిచ్చేందుకు దీప వచ్చింది. టీసీ కోసం వచ్చిన రజాక్ వెంట ఆగయ్య కూడా ఆఫీసు గదిలోకి వచ్చి కూర్చున్నాడు. మమతను క్లాసులోంచి పిలిపించారు. ఆగయ్య జిరాక్సు కాగితం తీసి వేణుమాధవ్ ముందు పెట్టాడు.

"సార్, ఈ ఇంటికి ఏం లేదు?"

వేణుమాధవ్ ప్రశ్నపత్రం ఎన్నడూ చూసినవాడు కాదు. "గేటు లేదు" అన్నాడు విసుగ్గా.

దీప తల వంచుకుంది. ఆగయ్య నోటుబుక్కు తెరిచాడు. మొత్తం రెండు వందల పన్నెండు మందిని అడిగానన్నాడు. నూట అరవై ముగ్గురు కూలర్ లేదన్నారు. మిగతావాళ్లు గేటు, దోమల జాలీ, డిష్ గొడుగు అన్నారు. చిమ్నీ అన్నవాడు ఒక్కడూ లేడు.

"చిమ్నీ ఇంటి మీద ఎందుకుంటది మేడం? కరెంటు ఫ్యాక్టరీ మీదుంటది" అన్నాడు దీపతో. "ఎక్కువ మందికి ఎంతొస్తే అది వంద అని పుస్తకంల రాసుంది. ఈ పిల్ల ఎక్కువ మంది చెప్పిందే చెప్పె. మరి డెబ్బై ఎట్లయింది?"

దీప నోటుబుక్కు అందుకుని పేజీలు తిప్పింది. ఈ పరీక్ష ఎక్కడి పిల్లలనో పెట్టుకుని తయారు చేసిందని, ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లను తెలుగులో అడిగామని ఒప్పుకుంది. "ఒక పూట పెట్టిన ఒక్క పరీక్ష చూసి పిల్లను పంపించెయ్యమని నేను చెప్పలేదు సార్" అంది. జూహీ తల్లి ఆసియాను పక్కన కూర్చోబెట్టుకుని, తగిన పరీక్ష మళ్లీ పెడతానంది. వేణుమాధవ్ టీసీని సొరుగులో పెట్టి, సొరుగు మూశాడు. రజాక్ ఆగయ్య చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"మార్కుల గడి మొత్తం ఖాళీగా ఉందేంటండీ?" అంది దీప నోటుబుక్కు తిరిగిస్తూ.

మమత తొంగిచూసింది. నాలుగేళ్ల పేర్లున్నాయి, జవాబులున్నాయి. మార్కుల దగ్గర మాత్రం ఒక్క పేజీలోనూ ఒక్క అంకె లేదు. ఆగయ్య గబుక్కున నోటుబుక్కు జేబులో పెట్టేసుకున్నాడు.

ఆయన స్కూటర్ మీద ఇంటికి వెళ్తూ మమత అడిగింది. "ఎవ్వలకూ వెయ్యలేదా కాకా?"

"తక్కువొచ్చిందని తెలిస్తే ఆ మనిషికి అన్నం సయిస్తదా బిడ్డా? ఒక్కలకే వేసిన. నాకు."

"ఎంతొచ్చింది?"

ఆగయ్య ముందున్న గుంత తప్పించాడు. "ఇరవై ఆరు."

మమత ఇచ్చిన పుస్తకంలో ప్రశ్నలన్నీ సరిగ్గానే చెప్పాడట. చివరి ప్రశ్నలు పదహారేళ్ల వాళ్లవి గనుక మానసిక వయసు పదహారు. దాన్ని అసలు వయసుతో భాగించి వందతో హెచ్చించమని ఉంది. అప్పటికి ఆయనకు అరవై ఒకటి.

"అన్ని కరెక్టు చెప్తేనే ఇరవై ఆరొచ్చె. ఇగ తప్పు చెప్పినోళ్లకు ఏం వేస్త?"

నవ్వాపుకోలేక మమత ఆయన భుజం పట్టుకుంది. ఆ లెక్క చిన్నపిల్లలకేనని, పెద్దవాళ్లను వాళ్ల ఈడువాళ్లతోనే పోల్చి చూస్తారని, ఆ లెక్కన ఆ పుస్తకం రాసినాయనకు కూడా అరవై దాటితే ఇరవై ఆరే వస్తుందని చెప్పింది. ఆగయ్య స్కూటర్ పక్కకు ఆపి, వెనక్కి తిరిగి ఆమెను తేరిపార చూశాడు.

"ఈ ముచ్చట మీ చిన్నమ్మకు చెప్పకు బిడ్డా" అన్నాడు. "ఇరవై ఆరని చెప్పిన కాన్నుంచి, పాపం, నాకు ఇంట్ల ఒక్క పని చెప్తలేదు."