ఒక్క ఇరుసు ఇంజిన్, మా పైడిరాజు మావయ్య

మా పైడిరాజు మావయ్య పరమపదించి నేటికి పదహారు రోజులు. ఫోనులో ఆ వార్త విన్నప్పుడు కళాశాలకు బయలుదేరుతూ ఒక చెప్పు తొడుక్కుని ఉన్నాను. రెండవది ఎప్పుడు తొడుక్కున్నానో నాకు తెలియదు. మనిషి పోయిన దుఃఖం అలా ఉండగా, పెద్దకర్మనాడు లేచిన ప్రతి వక్తా ఒకే మాట అన్నాడు: "పాపం, ఆ ఇంజిన్ కదలకుండానే కన్నుమూశాడు!" ఆ పాపం ఎవరిమీద? జాలిపడదగిన జీవితం కాదాయనది. పైగా ఇంజిన్ కదలలేదని వీరికెవరు చెప్పారు? ఆ రోజు వీరిలో ఒక్కరైనా ఆ పెరట్లో ఉన్నారా?

మావయ్య మా అమ్మకు తమ్ముడు. రైల్వే లోకోషెడ్డులో ఆవిరి ఇంజిన్ల ఫిట్టరుగా పనిచేసి, విశ్రాంత జీవితమంతా విజయనగరంలోని ఇంటి పెరట్లోనే గడిపారు. షెడ్డులో చెదలు పట్టిందని పారవేసిన ఇంగ్లీషు పుస్తకంలోని ఒక చిత్రం ఆయనను వశం చేసుకున్నది. రైళ్ల తొలినాళ్లలో బ్రిటన్‌లో ఎక్స్‌ప్రెస్ బళ్లను లాగిన ఇంజిన్ అది. ఆయన జీవితకాలం మరమ్మతు చేసినవాటిలో అనేక జతల చక్రాలు కడ్డీలతో కలిసి లాగుతాయి. ఈ చిత్రంలో లాగేది ఒక్కటే జత, అదీ మనిషిని మించిన ఎత్తు. తక్కినవి కేవలం బరువు మోసే చిన్న చక్రాలు.

"ఒసే రవణా, ఇదేటే! ఆ పెద్ద సక్రం ఒక్క సుట్టు తిరిగితే ఇరవై అయిదడుగులు పోతాది. పరిగెట్టడానికి బాగున్నాది. బయల్దేరడానికో? ఒక్క ఇరుసు పట్టుతో అంత బండినీ ఎలాగ కదిపీవోరు?"

"ఆ దొరల్నే అడుగు మావయ్యా. నేను సెప్పేది ఎకనామిక్సు."

"ఆళ్లు పోనారు కదే. అందుకే సేసి సూస్తాను."

చేసి చూడటమే ఆయన జ్ఞానమార్గం. ఆ ఇంజిన్‌కు చిన్న నమూనా మొదలుపెట్టి, సిలిండరు స్వయంగా చేసుకున్నారు. బుడితి కంచరివారి చేత మూరెడు బాయిలరు చేయించారు. చక్రాలు మాత్రం రామతీర్థం దారిలో ఎడ్లబళ్లు చేసే అప్పన్నకు అప్పగించారు. నల్లతుమ్మ కర్రతో, ఇనుప పట్టాతో, జానెడున్నర ఎత్తున అప్పన్న చేసిన ఆ జత శిల్పమే.

తొలి పరీక్షకు వీధివీధంతా వచ్చింది. ఆవిరి పుట్టింది, ఇరుసు గిర్రున తిరిగింది. చక్రాలు మాత్రం ధ్యానముద్రలో నిలిచిపోయాయి. అందరూ పగలబడి నవ్వుతుంటే అప్పన్న ఒక్కడే గర్వంతో పొంగిపోయాడు.

"సూడండి బాబూ, ఇరుసు ఎంత నున్నగా తిరుగుతన్నాదో! ఎక్కడా పట్టుకోడం లేదు!"

నిజమే. బండిచక్రం ఇరుసును పట్టకూడదు. పడితే ఎడ్లు చస్తాయి. అతని తాత చేసినదీ, తండ్రి చేసినదీ అదే పని. నేను నోరు విప్పబోతే మావయ్య కళ్లతోనే వారించారు. అప్పన్న చేతులు పట్టుకుని, "నీది తప్పు కాదురా. బండిని ఎడ్లు లాగుతాయి, ఇంజిన్ని ఇరుసే లాగుతాది. ఆ మాట నీకు సెప్పాలని నాకే తట్టలేదు" అన్నారు. నలభై ఏళ్లు ఇంజిన్లతో బతికిన మనిషి, బండివాడి పొరపాటులో కొత్త పాఠం దొరికిందని నెలరోజులు మురిసిపోయారు.

భోగాపురంలో ఆయనకున్న చెక్క భూమికోసం, విమానాశ్రయం వస్తున్నదని ఒక బ్రోకరు వచ్చాడు. "అది సరేగాని బాబూ, విమానం నేలమీద పరిగెట్టీటప్పుడు దాని సక్రాల్ని ఏటి తిప్పుతాది?" అని అడిగారు. అతను బెదిరి వెళ్లిపోయాడు. సాయంత్రానికి మావయ్యే తేల్చుకున్నారు: "ఏదీ తిప్పదే! దాందీ ఎడ్లబండి పద్దతే!"

చక్రాలను ఇరుసుకు బిగించాక అసలు కథ మొదలైంది. పన్నెండడుగుల పట్టాల మీద ఇంజిన్ నిలిచినచోటనే చక్రాలు జర్రున జారిపోయేవి. షెడ్డులో అలవాటైన ఉపాయమే పట్టాలమీద ఇసుక చల్లడం. నాగావళి ఇసుక జల్లించి చల్లారు. భావనపాడు నుంచి వచ్చే చుట్టాన్ని సముద్రపు ఇసుక తెమ్మన్నారు. ఫలితం శూన్యం. చూపుడువేలితో వెనకనుంచి రవ్వంత తాకితే మాత్రం రాకుమారుడిలా సాగిపోయేది.

"ఏలు పెడితే నా కుట్టుమిషనూ కదులుతాది మావయ్యా. తనంతట తాను బయల్దేరితేనే అది ఇంజిన్ను. అందాకా బొమ్మే."

"నీ నోరు పడిపోను! ఒప్పుకున్నాను. పరుగు ఎవులైనా తీస్తారే. మొదటి అడుగే అసలైంది."

ఈ పందెం మూడేళ్లు నడిచింది. ప్రతి ఆదివారం వెళ్లేదాన్ని, ఆయన ఓడేవారు, నేను కాఫీ తాగి, గెలిచినదాన్నై వచ్చేదాన్ని.

కడపటి ఆదివారం అరగంట ఆలస్యమైంది. పెరట్లో అడుగు పెట్టేసరికి ఇంజిన్ పట్టాల అవతలి చివర ఉన్నది. బాయిలరు వేడిగా ఉన్నది. మావయ్య ఇవతలి చివర ముక్కాలిపీట మీద చేతులు కట్టుకుని కూర్చున్నారు. కదిలింది! వెంటనే ఆయన చెయ్యి లాగి చూశాను. చూపుడువేలికి ఇసుక అంటుకుని ఉన్నది. ఇసుక చల్లేదీ ఆ వేళ్లతోనే కనుక అది దేనికీ రుజువు కాదు.

"ఏలు పెట్టావా, లేదా? నిజం సెప్పు."

ఆయన నవ్వారు. "సెప్పీస్తే వచ్చే ఆదివారం నువ్వొస్తావేటి?"

ఎంత గదిమినా అంతకుమించి చెప్పలేదు. వచ్చే ఆదివారానికి ఆయనే లేరు.

కదలలేదన్నవారిని ఖండించే సాక్ష్యం నా దగ్గర లేదు; కదిలిందనడానికీ లేదు. పట్టాల మీది ఆ ఇసుకను నేను తుడవలేదు, ఎవరినీ తుడవనివ్వలేదు. మొన్న అప్పన్నను తీసుకువెళ్లి ఇంజిన్‌ను ఇవతలికి తెచ్చి ఆవిరి పెట్టించాను. చక్రాలు జారాయి. మూడుసార్లూ జారాయి. "బాబు సెయ్యి వేరమ్మా" అన్నాడతను, కళ్లు తుడుచుకుంటూ. ఆ చేతికి సాటి వచ్చే చెయ్యి ఈ జిల్లాల్లో మరి లేదు. దానికి నా నమస్సులు. కాని మావయ్యా, వాదన సగంలో లేచి వెళ్లిపోవడం నీకు న్యాయం కాదు. ఆదివారాలు వస్తూనే ఉన్నాయి, నేనూ వస్తూనే ఉన్నాను. ఇప్పుడైనా చెప్పు: వేలు పెట్టావా, లేదా?