లోకం అంతమయ్యాక పంపు ఆపరేటర్

లోకం అంతమైపోయిందన్న వార్త నాకు మొట్టమొదట తెచ్చింది మా మేనకోడలు షారోన్. శనివారం మధ్యాహ్నం నేను చింతపండులో గింజలు తీస్తూ కూర్చున్నప్పుడు తెచ్చింది. ఆ వారం తిరక్కముందే నేను మా కాలనీ ఆడవాళ్ళను కాళ్ళకు చెప్పుల్లేకుండా బొగ్గుబాయి గేటు దాకా పరుగెత్తించాను. నిక్షేపంగా ఉన్న మనిషి కోసం ఊరంతా కళ్ళనీళ్ళు పెట్టుకునేలా చేశాను. దీనికంతటికీ కారణం నా భక్తేగాని దుర్బుద్ధి కాదని దేవుడికి తెలుసు. మీకూ తెలియాలని రాస్తున్నాను. చదివి నవ్వండి, ఫరవాలేదు. నవ్వినవాళ్ళకు కూడా నేను కృతజ్ఞురాలినే.

నేను బడి ముఖం చూసినదాన్ని కాను. చిన్నప్పుడు ఆయాసం ఉండేది. మా అమ్మ పొయ్యి పక్కన కూర్చోబెట్టుకుని బొగ్గుముక్కతో గచ్చు మీద అక్షరాలు దిద్దించింది. గోదావరిఖనిలో బొగ్గుకు కరువు లేదు గనుక నాకు చదువు బాగానే వచ్చింది. పెద్దయ్యాక మా అన్నయ్యకు కంపెనీ ఇచ్చిన క్వార్టర్లోనే ఉంటూ, ఆదివారం చర్చిలో పిల్లలకు కథలు చెప్పేదాన్ని. నా కథ నడుస్తుంటే పిల్లలు నీళ్ళకు కూడా లేచేవారు కారు. ఆ పేరే నా కొంప ముంచింది.

షారోన్ మా అన్నయ్య కూతురు. హైదరాబాదులో హాస్టల్లో ఉండి చదివేది. సెలవులకు వస్తూ ఒక ఆట తెచ్చింది. బల్ల చుట్టూ కూర్చుని ఆడాలి. ఒకరు ఒక లోకాన్ని కల్పించి చెబుతుంటారు. మిగిలినవాళ్ళు తలా ఒక మనిషిగా ఆ లోకంలో దిగి, "నేను ఇట్ల చేస్త, అట్ల పోత" అంటుంటారు. వాళ్ళు అన్నది అవుతుందో కాదో తేల్చడానికి ఒక పాచిక. దానికి జామపండంత ఒళ్ళు, ఒంటినిండా ముఖాలు, ముఖానికో అంకె. ఎంత పెద్ద అంకె పడితే అంత మంచిది.

"పాచికలా, మన ఇంట్లనా?" అన్నాను.

"జూదం కాదత్తా. పైసలు లెవ్వు, పందెం లేదు. లోకం ఖతమై వందేండ్లయింది, మన ఊరే అనుకో. ఏం మిగిలింది, ఎవరు మిగిలిండ్రు, అంత నువ్వే చెప్పాలె."

అంతకుముందు తనే చెప్పబోయిందట. కూలిన అద్దాల మేడలు, తుప్పుపట్టిన విమానాలు అంటుంటే, కాలనీలో తన స్నేహితులు ముగ్గురూ ఆవులించారట. మా వైపు అద్దాల మేడలు కూలితే ఎవరికి బాధ?

లోకాంతం గురించి నేను ప్రసంగాల్లో విన్నదాన్నేగాని, దాని మర్నాటి సంగతి ఎవరూ చెప్పలేదు. మర్నాడు పొయ్యి ఎవరు వెలిగిస్తారు? నీళ్ళు ఎక్కడివి? ఆ ఆలోచన వచ్చాక చింతపండు పక్కన పెట్టేశాను. ఒక్కొక్కటే కళ్ళకు కట్టింది. పైనుంచి బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్టు గుంటలు చెరువులయ్యాయి. తవ్విపోసిన మట్టిగుట్టల మీద తుమ్మలు కమ్మి అడవులయ్యాయి. పొగ ఆగిన పొగగొట్టాల మీద కొంగలు గూళ్ళు పెట్టాయి. పైన ఎండకు తాళలేక, మిగిలిన జనం పాత బొగ్గుబాయిలోకి దిగి కాపురాలు పెట్టారు. రామగుండం వైపు ఒక్క మే నెల గడిపినవాళ్ళకు ఇందులో కల్పన ఏమీ కనిపించదు.

బాయిలో బతకాలంటే ఊటనీటిని ఎప్పటికప్పుడు పైకి తోడిపోయాలి. దానికి పంపు నడవాలి. పంపుకు మనిషి కావాలి. ఆ మనిషి దగ్గరే నేను తప్పులో కాలేశాను.

మా గోడ అవతలి క్వార్టర్లో మల్లక్క ఉంటుంది. ఆమె భర్త కొమురయ్య బావ నిజంగానే బాయిలో పంపు ఆపరేటర్. ఎడమ మోకాలు సరిగా వంగదు, మెడలో ఎప్పుడూ ఎర్ర తువ్వాల. పంపుతో "నడువు బిడ్డా, నడువు" అని మాట్లాడతాడని ఆయనతో పనిచేసేవాళ్ళు చెప్పి నవ్వేవారు. నాకు తెలిసిన పంపు మనిషి ఆయనొక్కడే. అందుకని మోకాలు, తువ్వాల, బిడ్డా అన్న పిలుపు అన్నీ కలిపి ఆయన్ని ఎత్తుకుపోయి వందేళ్ళ అవతల దింపేశాను. పేరు మాత్రం పెట్టలేదు. పేరు పెట్టకపోతే దొంగతనం కాదనుకున్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆట మొదలైంది. నేను ఇంత బాగా చెబుతానని నాకే తెలియదు. పిల్లలు నలుగురూ నా పంపు మనిషి వెంట బాయి అట్టడుగుకు దిగారు. పంపు మొరాయించింది. బాగుచేస్తానని షారోన్ పాచిక వేస్తే ఒకటి పడింది. ఒకటి పడితే సర్వనాశనమేనట. నీళ్ళు మోకాళ్ళకు వచ్చాయి, నడుముకు వచ్చాయి, ఛాతీకి వచ్చాయి. సరిగ్గా అప్పుడు ఆ నలుగురిలో ఒక పిల్ల తల్లి వచ్చి, బసంత్‌నగర్‌లో పెళ్ళికి పోవాలని రెక్క పట్టుకుని తీసుకుపోయింది. మిగతా ఆట గురువారానికి వాయిదా.

గురువారం దాకా ఆ మనిషి ఛాతీలోతు నీళ్ళలో నిలబడే ఉండాలి. మీరైతే నిద్రపోతారేమో. నాకు ముద్ద దిగలేదు. ఆయన్ని దించింది నేను, నీళ్ళు వదిలింది నేను. సోమవారం షారోన్‌ను బతిమాలాను, ఆయన్ని పైకి తెచ్చేస్తానని. "రూలు రూలే అత్తా. పాచిక పడాలె" అంది, జడ్జీలాగా. మంగళవారం ఎవరూ చూడకుండా వంటింట్లో నేనే పాచిక వేశాను. రెండు పడింది. ఉల్లిగడ్డ కోస్తున్నట్టు నటించి ఏడ్చాను.

బుధవారం పగలు స్త్రీల కూడిక మా ఇంటి వాకిట్లో, అందరూ తెల్ల చీరల్లో. తలా ఒక ప్రార్థన అయ్యాక నా వంతు వచ్చింది. నా ప్రార్థనంటే మావాళ్ళకు ఒక విశ్రాంతి. నేను కుళాయి నీళ్ళ దగ్గర మొదలుపెట్టి కరివేపాకు చెట్టు దాకా పేరుపేరునా కృతజ్ఞతలు చెబుతాను గనుక, వాళ్ళు ఈలోపు ఒక కునుకు తీస్తారు. ఆ రోజు కరివేపాకు దాకా పోనేలేదు. కళ్ళు మూసుకునే ఉన్నాను.

"ప్రభువా, ఆ బాయిలో నీళ్ళల్ల నిలబడ్డ మనిషిని జ్ఞాపకం చేసుకో. ఆయన మోకాలు మంచిగ లేదు తండ్రీ. పంపును బిడ్డా అని పిలిచేటోడు. నీళ్ళు ఛాతీ దాంక వచ్చినయి. ఆయన వెంట పోయిన పిల్లలను కూడ పైకి తీసుకురా."

కునుకులు ఎగిరిపోయాయి. "ఆమెన్" అని అందరూ ఒక్క గొంతుతో అన్నారు. గోడ అవతల చేట కిందపడిన చప్పుడైంది.

మల్లక్క మా చర్చికి రాదు. ఆమె మొక్కులు మల్లన్నకు. కాని మా కూడిక రోజున గోడ పక్కనే బియ్యం చెరుగుతూ, నచ్చిన చోట తనూ ఒక ఆమెన్ వేసేది. నేను కళ్ళు తెరిచేసరికి ఆమె మా వాకిట్లో ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"చెల్లె, నీకెవరు చెప్పిండ్రు?"

ఇక్కడ నేను "ఆట అక్కా" అనాల్సింది. ప్రార్థన మధ్యలోంచి లేచిన మనిషికి అబద్ధం రాదు, నిజం సమయానికి రాదు. అడిగిన ప్రశ్నకు మాత్రమే జవాబు చెప్పాను.

"ఎవరు చెప్పలేదక్కా. నాకే తెలుసు."

వెనకనుంచి ఎవరో "దర్శనం" అన్నారు. ఆ మాట వాకిలంతా పాకింది. నేను ఆట, ఆట అని అరుస్తూనే ఉన్నాను. దర్శనం చూసిన మనిషి తర్వాత ఏం మాట్లాడినా ఎవరు వింటారు? మల్లక్క ఫోన్ చేసింది. స్విచాఫ్. బాయిలోకి ఫోన్లు తీసుకుపోనివ్వరని, దిగేముందు అందరూ ఆపి పైనే పెట్టిపోతారని అక్కడున్న ప్రతి ఆడదానికీ తెలుసు. ఆ క్షణాన ఒక్కరికీ గుర్తుకు రాలేదు. మల్లక్క వట్టికాళ్ళతో రోడ్డెక్కింది. ఆమె వెనక మావాళ్ళందరూ. నా సాక్షి షారోన్ బజారుకు పోయి ఉంది.

నాకు పరుగు రాదు గనుక దొరికిన ఆటోలో పాస్టరమ్మ పక్కన పడ్డాను. దారిలో ఆమెకు మొత్తం చెప్పాను, పాచికతో సహా.

"అంటే ఆ మనిషి లేనే లేడా?"

"లేడమ్మా."

"మరి మేమందరం ఆమెన్ అంటిమి గద" అంది, నష్టపోయినట్టు.

మేం చేరేసరికి గేటు దగ్గర జాతర. టీకొట్టు ఆయన, సగం గడ్డం గీసుకున్న మనిషి, వాళ్ళ వెనక గడ్డం గీస్తున్న మనిషి, అందరూ వచ్చేశారు. హాజరు వేసే గుమస్తా మావాళ్ళ మధ్య ఇరుక్కుపోయాడు. బాయిలో నీళ్ళొచ్చాయని ఎవరు చెప్పారని ఆయన అడుగుతున్నాడు. దేవుడు చెప్పాడని వీళ్ళు అంటున్నారు.

"మాకైతే దేవుడు ఫోన్ చెయ్యలే గదవ్వా" అన్నాడాయన. అయినా మంచివాడు. బాయి లోపలి కంపెనీ ఫోనుకు చేసి చూశాడు. పంపు దగ్గర మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. ఆయన ముఖం కూడా మారింది. చూసి రమ్మని మనిషిని పంపాడు.

మల్లక్క గేటు పక్కన నేల మీద కూర్చుంది. ఏడవలేదు. ఏడిస్తే నాకు కాస్త నయంగా ఉండేది. నేను పోయి పక్కన కూర్చుంటే, నావైపు తిరక్కుండానే అంది.

"పొద్దుగాల లొల్లి పెట్టుకున్న చెల్లె. సద్దిల తొక్కు కూడ పెట్టలే. వట్టి అన్నం కట్టిచ్చిన."

ఆమె తండ్రి కూడా బాయి పనివాడే. ఒకనాడు డ్యూటీకి పోయి కప్పు కూలి తిరిగి రాలేదు. అప్పుడు ఆమె చిన్నపిల్ల, తల్లి కొంగు పట్టుకుని ఇలాంటి గేటు దగ్గరే కూర్చుందట. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ నేను కథలోకి నీళ్ళు వదిలాను. ఆ నిమిషంలో నవ్వు తెప్పించే సంగతి ఒక్కటీ లేదు. ఇప్పటికీ లేదు.

ఆమె చెయ్యి పట్టుకుని చెప్పాను. దర్శనం కాదని, ఆట అని, ఆ మనిషి బావ కాదని, బావను చూసి నేను కల్పించిన మనిషని. ఆమె నా తల నిమిరింది.

"నాకు ధైర్యం చెప్తున్నవు. నీ మనసు మంచిది చెల్లె" అంది.

నా జీవితంలో అంత నిజం నేనెప్పుడూ చెప్పలేదు. దానికి దక్కింది జాలి. ఇక చేయగలిగింది ఒక్కటే. ఈసారి కళ్ళు తెరిచే, కల్పన లేకుండా, పెదవులు కదలకుండా ప్రార్థించాను.

మొదటి షిఫ్టు అయిపోయింది. మనుషులు ఒక్కొక్కరే బాయిలోంచి పైకి వస్తున్నారు. ప్రతి నల్లని ముఖాన్నీ మల్లక్క చూస్తోంది. కాదు, కాదు, కాదు. గుంపు పలచబడింది. ఆఖరికి ఎవరూ రాని ఖాళీ మిగిలింది. అప్పుడు ఆ ఖాళీలోంచి, గుమస్తా పంపిన మనిషి పక్కన, ఎడమకాలు ఈడుస్తూ ఎర్ర తువ్వాల వచ్చింది. తర్వాత షిఫ్టు మనిషి ఆలస్యంగా వచ్చాడట. అతను వచ్చి కూర్చునేదాకా ఈయన పంపు వదల్లేదు. పంపు చప్పుడులో ఫోను వినబడలేదు.

కొమురయ్య బావ తెల్ల చీరల గుంపును చూసి ఆగిపోయాడు. తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఎవలు పోయిండ్రు?" అని మెల్లగా అడిగాడు.

గుమస్తా తల గోక్కున్నాడు. "నువ్వేనే అన్నా."

బావ ఒకసారి తన కాళ్ళ వైపు, ఒకసారి మా వైపు చూశాడు.

"మరి ఈ దినం హాజరు పడ్డదా, లేదా?"

మొదట నవ్వింది పాస్టరమ్మ. తర్వాత ఎవరు ఆగారు? మల్లక్క మాత్రం నవ్వలేదు. లేచి, ఆయన చేతిలోంచి సద్దిగిన్నె లాక్కుని, "ఇంటికి నడువు" అంది. ఆ తర్వాత దారి పొడవునా ఏడ్చింది. ఆయన పక్కనే నడిచాడు.

సాయంత్రం బావ మా ఇంటికి వచ్చాడు. తిడతాడనుకుని తలదించుకున్నాను. కుర్చీలో కూర్చుని, ఏ కోపమూ లేకుండా అడిగాడు.

"నన్ను ముంచితివి, సరే. నా ఎంబడి వచ్చిన పిల్లలేమైండ్రు?"

"వాళ్ళు కూడ నీళ్ళల్లనే ఉన్నరు బావా. రేపు పాచిక వెయ్యాలె."

"ముందు వాళ్ళను పైకి తోలు. అప్పటిదాంక నేనుంట. నా సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. చాయ్ తాగి పోయాడు.

గురువారం పిల్లలు నలుగురూ పాచికలు వేసి మెట్టు మెట్టుగా పైకి ఎక్కారు. ఇక పంపు మనిషి వంతు. షారోన్ పాచిక నా ముందు పెట్టింది. నేను ముట్టుకోలేదు. "ఆయన పైకి వచ్చిండు" అన్నాను.

"అట్ల కుదరదత్తా, రూలు."

"నేను అత్తను" అన్నాను. ఆ లోకానికి సంబంధించినంతవరకు అదే ఆఖరి తీర్పు.

ఆ రోజే, మా ఇంట్లో అందరూ వింటుండగా, లేచి నిలబడి ప్రమాణం చేశాను. బతికున్న మనిషిని అడక్కుండా ఏ కథలోకీ దించను. దించినా నీళ్ళున్న చోట నిలబెట్టను. కళ్ళు మూసుకుని ప్రార్థించేముందు గోడ అవతల ఎవరున్నారో చూసుకుంటాను. లోకం నిజంగానే అంతమైనా సరే, నా అంతట నేను ఆ వార్త ఎవరికీ చెప్పను.

మల్లక్క ఆ మరుసటి వారమే మళ్ళీ గోడ పక్కన చేట పట్టుకుని కూర్చుంది. ఆమె క్షమించిందని నాకు అలా తెలిసింది. కాని ఆ రోజునుంచి, బావ డ్యూటీ దిగి వచ్చేదాకా ఆమె ముద్ద ముట్టడంలేదు. అది నేను పెట్టిన భయం. దాన్ని తీసేయడం నాకు చేతకాలేదు.

అందుకే ఇది చదివిన మీ అందరినీ ఒక్కటి అడుగుతున్నాను. ఆయన ఈ ఏడాది చివర రిటైరవుతాడు. అప్పటిదాకా రోజూ దిగాలి, రోజూ ఎక్కాలి. మీరు ఏ దేవుడికి మొక్కినా సరే, మొక్కేటప్పుడు ఒక్క మనిషిని తలచుకోండి. ఈసారి కల్పన కాదు. పేరు కొమురయ్య. పంపు దగ్గర ఉంటాడు.