ఊడ్నడాటా దారిలో గాలి దిగిన రెండు చక్రాలు

కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా హడలిపోయిన ఆ డిసెంబరు గడిచి, ఏమీ ఆగలేదని తేలాక, మా ఆయన డేనియల్‌కి రెండేళ్ళలో మొదటిసారి ఈస్టరుకి నాలుగు రోజులు సెలవు దొరికింది. మేమిద్దరం అడిలైడ్‌లో, మాసన్ లేక్స్‌లో ఉండి ప్రోగ్రాములు రాసుకునేవాళ్ళం. నా ఒంగోలు హాస్టల్ స్నేహితురాలు రత్న ఎడారి మధ్య ఊడ్నడాటా అనే చిన్న ఊళ్ళో నర్సు. ఈస్టరు ఆదివారం పది గంటలకి దాని కూతురికి బాప్తిస్మం, గాడ్‌మదర్‌ని నేను. పాస్టరుగారు ఆ ఊరికి మూణ్ణెల్లకోసారి వచ్చి మధ్యాహ్నానికి వెళ్ళిపోతారు. "నువ్వు రాకపోతే నా బిడ్డని ఎవరు ఎత్తుకుంటారే?" అని రత్న ఫోన్లో ముందే ఏడుపు మొదలుపెట్టింది.

శుక్రవారం ఉదయం ఐదున్నరకి మా పాత ఫోర్‌వీల్ డ్రైవ్‌లో బయలుదేరాం. తొమ్మిదింటికి పోర్ట్ అగస్టాలో డీజిలు పోయించుకుని, బండిలోనే పులిహోర తిన్నాం. సాయంత్రం ఐదింటికి 'మరీ' అనే ఊరు చేరి కారవాన్ పార్కులో గుడారం వేశాం. పక్క గుడారంలో లెస్ అనే ముసలాయన ఒక్కడే టీ కాచుకుంటున్నాడు. "ఇసుకలో దిగితే టైర్లలో గాలి తగ్గించు. అయినా దిగకపోవడమే మేలు," అన్నాడు.

మొదటి ముక్క మాత్రమే మా ఆయన చెవికెక్కింది. శనివారం పొద్దున ఎండిపోయిన ఏరొకటి కనిపించగానే గాలి తగ్గించి, అరగంటసేపు ఇసుకలో గింగిరాలు కొట్టించాడు. వెంట తెచ్చుకున్న పంపుతో మళ్ళీ గాలి నింపుకుని మట్టిరోడ్డెక్కాం. పదకొండింటికి వెనక ఎడమ చక్రం మెత్తబడింది. గాలి కొట్టాం. పన్నెండున్నరకి మళ్ళీ మెత్తబడింది. మేకు దిగిందేమోనని చక్రమంతా తడిమి చూశాడు, వాల్వు పిన్ను మార్చాడు, చివరికి స్పేర్ చక్రం బిగించాడు. హమ్మయ్య అనుకుని నలభై కిలోమీటర్లు వెళ్ళామో లేదో, కుడి చక్రం కూడా అదే వరస. ఇంకో స్పేర్ లేదు.

వెనకాలే వస్తున్న లెస్ ఆగాడు. లాంగ్ వీకెండ్ కదా, టైర్లు చూసే మనిషి మంగళవారం గానీ దొరకడన్నాడు.

"సారీ సుగుణా, బ్యాక్ వెళ్దాం. రిస్క్ తీసుకోలేం. రత్నకి ఎక్స్‌ప్లెయిన్ చేద్దాంలే," అన్నాడు డేనియల్. నాకు ఒళ్ళు మండింది. బాప్తిస్మానికి ఎక్స్‌ప్లనేషనేమిటి, నా మొహం!

ఇక్కడొక సంగతి చెప్పాలి. మా నాన్నది సింగరాయకొండ దగ్గర హైవే మీద లారీల పంక్చర్ షాపు. పెళ్ళి మాటల్లో పెద్దవాళ్ళు దాన్ని "ఆటోమొబైల్ వ్యాపారం" చేశారు. నేనూ అందరికీ అదే చెబుతూ వచ్చాను. చిన్నప్పుడు అన్నం క్యారియరు తీసుకెళ్ళి అక్కడే నిలబడి చూసేదాన్ని. నాన్న మాత్రం ఏదీ ముట్టనిచ్చేవాడు కాదు. "చేతులు నల్లబడతయ్యి, పోయి చదువుకోపో," అని కసిరేవాడు. చూడొద్దని మాత్రం అనలేదు.

"బండిలో వేసిన ఆ ఎడమ చక్రం కిందికి దించు," అన్నాను.

"నువ్వా? నీకేం తెలుసు సుగుణా?"

"దించు ముందు!"

గాలి ఎక్కడ పోతోందో చూడాలంటే నురగ కావాలి, అంట్లు తోమే లిక్విడ్ ఆయనగారు ఇంట్లోనే మరిచొచ్చాడు. పండగ పొద్దున తలంటుకుందామని తెచ్చుకున్న కుంకుడు పొడి నా సంచీలో ఉంది. మగ్గులో కలిపి నురగ తీసి చక్రమంతా పూశాను. మధ్యలో ఎక్కడా బుడగ లేదు. టైరు అంచు ఇనప రిమ్ముని కరుచుకునే చోట మాత్రం ఆవగింజలంత బుడగలు వరసగా లేచాయి. గాలి తక్కువగా ఉన్నప్పుడు ఇసుక ఆ సందులోకే దూరింది. మేకు కోసం వెతికితే ఎలా దొరుకుతుంది?

మిగిలిన గాలంతా వదిలేసి, చక్రాన్ని బండి కింద పడుకోబెట్టి, టైరు అంచు మీద జాకీ నిలబెట్టి బండి అడుగుకి ఆనించి ఎత్తాం. బండి బరువుకి అంచు రిమ్ము నుంచి ఊడింది. లోపల ఎర్ర ఇసుక గీరలుగా అంటుకుని ఉంది. గిన్నెలు తోమే స్టీలు పీచుతో రిమ్ము మెరిసేదాకా రుద్ది, అంచుకి మళ్ళీ కుంకుడు రసం రాశాను. గాలి కొడితే నిలబడలేదు, సందులోంచి బుస్సుమని పోయింది.

"చెప్పానుగా," అన్నాడు డేనియల్.

"నోరు మూసుకుని ఆ తాడిటివ్వు!"

నాన్న చేసినట్టే టైరు చుట్టూ మధ్యలో తాడు కట్టి, కర్ర దూర్చి మెలితిప్పాను. అంచులు రెండూ బయటికి జరిగి రిమ్ముని పట్టుకున్నాయి. గాలి నిలవగానే తాడు తీసేశాను. కాసేపటికి టప్పుమని అంచు కూర్చుంది. లెస్ టోపీ తీశాడు. రెండో చక్రం ఇద్దరం కలిసి చేశాం, ఈసారి మా ఆయన అడక్కుండానే తాడు పట్టుకుని నిలబడ్డాడు. ఐదు దాటింది.

ఆ రాత్రికి విలియం క్రీక్‌లో ఆగి, ఆదివారం ఆరున్నరకి బయలుదేరి, తొమ్మిదీ నలభైకి ఊడ్నడాటా చేరాం. తలంటు లేదు, గోళ్ళ నిండా నలుపు. ఆ చేతులతోనే పాపని ఎత్తుకున్నాను. మాకంటే ముందే చేరిన లెస్ ఊరంతా చాటేశాడు. "ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అని పాస్టరుగారు అడిగారు. "మా నాన్నది లారీల పంక్చర్ షాపండీ," అన్నాను, అందరికీ వినపడేట్టు. మా పెళ్ళయ్యాక ఆ మాట బయట అనడం అదే మొదటిసారి.

తిరుగు ప్రయాణం మేమనుకున్నట్టు సోమవారానికి ముగియలేదు, రత్న వదల్లేదు. మంగళవారం సాయంత్రం ఐదింటికి పోర్ట్ అగస్టాలో గాలి చూయించాం. నాలుగు చక్రాలూ సమానంగా ఉన్నాయి. ఆ దారి ఎర్రది, పొడుగుది, చాలా అందమైనది. వెళ్ళేవాళ్ళు తాడూ, స్టీలు పీచూ మర్చిపోకండి.

అక్కడే ఫోన్ కార్డు కొని నాన్న షాపు పక్క బూత్‌కి చేశాను. జరిగిందంతా చెప్పాను.

"చేతులు నల్లబడినయ్యా?" అన్నాడు నాన్న.

"ఇంకా పోలేదు నాన్నా."

రిసీవరు పక్కన పెట్టిన చప్పుడైంది. తర్వాత రోడ్డు మీదికి వెళ్ళి ఆయన వేస్తున్న కేక, లారీల హారన్ల మధ్య నాకు స్పష్టంగా వినపడింది: "ఒరేయ్, మా అమ్మాయి ఆస్ట్రేలియాలో టైరు ఇప్పిందంటరా! రెండు!"