బయలుదేరేటప్పుడు చెప్పని మాట

పొద్దున ఆరుంపావుకు సిద్దిపేటలో హైదరాబాద్ జేబీఎస్‌కు పోయే బస్సెక్కాం, నేనూ మా చెల్లెలు సుజాతా. నాకు టికెట్టు, ఆమెకు ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్టు. ఆడవాళ్లు ఆధార్ మరవకండి, కండక్టర్ అడుగుతాడు. సుజాత భర్త మల్లేశం పనికోసం పరాయి దేశం వెళ్లి ఐదు నెలలైంది. నలభై రోజులుగా అతని ఫోను లేదు. హైదరాబాద్‌లో ప్రభుత్వ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వడానికే ఈ ప్రయాణం.

మల్లేశానిది నంగునూరు. కల్లు గీయడానికి తాళ్లెక్కి ఎక్కి నడుము పట్టేస్తే, గోదాములో పనని వెళ్లాడు. వెళ్లేరోజు అతని టికెట్టు నా జిరాక్స్ షాపులోనే ప్రింటు తీశాను. అప్పుడే కంప్యూటర్‌లో మన ప్రభుత్వ హెచ్చరిక కనబడింది. ఆ దేశంలో ఫలానా సరిహద్దు జిల్లాకు భారతీయులు వెళ్లవద్దని. గోదాము ఆ జిల్లాలోనే. అతను బయలుదేరేది మా ఇంటినుంచే. ఒక్క ఉరుకున పోయేసరికి గడప దాటాడు, మా అమ్మ నిండు చెంబుతో ఎదురొస్తోంది. అడుగు బయటపెట్టిన మనిషికి అడ్డుమాట చెబితే కీడంటారు మా ఇళ్లల్లో. నోరు మూసుకున్నాను. కంప్యూటర్ ముందు కూర్చుని బతికేవాణ్ణి, శకునానికి జడిశాను. థూ, నా బతుకు!

గజ్వేల్‌లో బస్సు ఆగితే ఇడ్లీ తెచ్చాను. సుజాత ముట్టలేదు. దవాఖానకు పోతున్న పక్కసీటు ముసలమ్మ సంగతంతా విని, "తిను బిడ్డా. నువ్వు కడుపు మాడ్సుకుంటె ఆయన జల్ది అస్తడా?" అంది. సుజాత ఒక్క ఇడ్లీ తిని కళ్లు తుడుచుకుంది.

పదిన్నరకు ఆఫీసు. పాస్‌పోర్టు జిరాక్సులు రెండు సెట్లు పట్టుకెళ్లండి, ఒకటి చాలదు. అక్కడి మేడమ్ ఆ హెచ్చరికనే ఓపికగా తెలుగులో చదివి వినిపించింది.

"దేశమంతా వద్దని కాదమ్మా. జిల్లా పేరు చూడాలి, తేదీ చూడాలి. వెళ్లినవాళ్లు అక్కడి మన ఎంబసీలో పేరు రాయించుకోవాలి. ఆయన వెళ్లకముందే ఇది పెట్టారు. చూసుకోలేదా?"

"మాకెవ్వరు చెప్పిన్రు మేడమ్? నాకు సదువు రాదు. మా అన్నకు తెలిస్తె పోనిచ్చెటోడా?" అంది సుజాత, నా చెయ్యి పట్టుకుని.

నేను జిరాక్సులు బల్లమీద పెట్టాను. దరఖాస్తు తీసుకున్నారు. ఆ జిల్లాలో ఫోన్లు పనిచేయడం లేదట, కబురు తెలిస్తే చెబుతామన్నారు. మల్లేశం పేరు ఎంబసీకి పంపించారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

రెండింటికి తిరుగు బస్సు. షామీర్‌పేట దాటాక ఇక ఆగలేకపోయాను.

"చెల్లే, మేడమ్ సదివింది నేను కంప్యూటర్ల సూసిన. బావ ఎల్లిననాడే సూసిన. శకునం చెడుతదని చెప్పలే."

సుజాత నా చెయ్యి వదిలేసింది. గజ్వేల్ వచ్చేదాకా కిటికీ వైపే చూసింది. కొట్టినా బాగుండేది.

"నాకన్న చెప్పకపోతివే అన్నా," అంది చివరికి. "కాళ్ల మీద పడన్న ఆపుకుందును."

నాలుగున్నరకు సిద్దిపేటలో దిగాం. ఇంటికి తిరగబోతుంటే సుజాత ఆపింది.

"యాడికి? మా అత్త గడపల కూసోని ఉంటది, కొడుకు సంగతేందని. నేను చెప్పలేను. నువ్వే అచ్చి చెప్పు."

నంగునూరు బస్సులో ఆమె ముందు కూర్చుంది, నేను వెనక. మీవాళ్లను పంపేముందు ఆ హెచ్చరిక ఇంటిల్లిపాదికీ చదివి వినిపించండి, గడప దాటినా సరే, ఆపి వినిపించండి. ఆ దారిన ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. ఊరు ఇంత తొందరగా ఎన్నడూ రాలేదు.