చీర అంచున సముద్రపు ఇసుక

యుద్ధం నాళ్లలో పుంగనూరు నుంచి మదనపల్లెకు బొగ్గుతో నడిచే బస్సులో పోతున్నాను. పక్కన మద్రాసు ఆలుమగలు. ఆయనకు క్షయ. ఆస్పత్రిలో చేర్చడానికి ఆమె తీసుకుపోతోంది.

"నిన్న పగలంతా మా ఊరు తిరిగాం అక్కా. ట్రామెక్కాం, సముద్రం ఒడ్డున గుగ్గిళ్లు తిన్నాం," అందామె.

"అలొస్తే నన్నొదిలి పరుగెత్తింది, పిరికిది," అని ఆయన నవ్వబోయి దగ్గాడు.

మదనపల్లెలో దిగేటప్పుడు ఆయన కాళ్లు నిలవలేదు.

"అక్కా, ఆ పక్క చెయ్యి పట్టుకో."

"నేను ముండమోసినదాన్ని తల్లీ! మంచి కోరి పోతాండారు, నా చెయ్యి వొద్దు," అని చెయ్యి కొంగులో దాచుకున్నాను.

ఆయన మెట్టు జారి మోకాళ్ల మీద పడ్డాడు. ఆమె వంగి ఆయనను లేపుతుంటే చీర అంచు మడతల్లోంచి ఇసుక రాలింది.

వాళ్లు సందు తిరిగినాక కూడా నా చెయ్యి కొంగులోంచి బయటికి రాలేదు.