బతికిన మొక్కలకు పద్దు లేదు

సంగారెడ్డిలో నేను సర్కారు గుమాస్తాగా చేరింది ఎనభైల చివర్లో. మా శాఖ పని చెట్లు పెంచడం. చెట్లకు వాన కావాలి, మాకు హైదరాబాదు నుంచి నిధుల కాగితం కావాలి. వాన జూన్‌లో వచ్చేది, కాగితం మార్చిలో. ఆ నెలాఖరులోగా ఖర్చు చేయకపోతే డబ్బు వెనక్కి పోతుంది కాబట్టి, నెత్తి మాడే ఎండలో గుంతలు తవ్వించి మొక్కలు నాటించేవాళ్లం. ఇదేం తెలివని ఆఫీసులో ఎవరూ అడగలేదు. జీతం తీసుకుంటున్నాను కదా, నేనూ అడగలేదు.

చేరిన ఏడాదే పటాన్‌చెరు దగ్గర ఫ్యాక్టరీల గోడల వెంట వేప, కానుగ మొక్కలు పెట్టించాం. నీళ్లు పోయడానికి పక్కనున్న ఇంద్రేశం ఊరి నుంచి ఒకామె రోజుకూలికి వచ్చేది. భర్త మిషన్‌లో చెయ్యి పోగొట్టుకుని ఇంట్లో ఉన్నాడు. ఆమె కూలితోనే ఇల్లు గడిచేది. గోడ పక్కనే బోరు ఉన్నా ఆ నీళ్లు ముట్టేది కాదు.

"వాసన సూడు సార్. మనం తాగనియి గవెట్ల తాగుతయి?" అని దూరంగా ఉన్న పొలం బావి నుంచి బిందెలతో మోసుకొచ్చేది. నాకది ఉత్త చాదస్తంలా అనిపించేది.

ఏడాది తిరిగాక మొక్కలు లెక్కపెట్టడానికి వెళ్లాను. ఒక్కటీ పోలేదు! మా ఆఫీసులో అంతకుముందెన్నడూ అలా జరగలేదట. సంతోషం పట్టలేక రిపోర్టులో "అన్నీ బతికాయి" అని రాసి, కింద గీత కూడా గీసి హైదరాబాదుకు పంపేశాను. తర్వాత నకలు చూసిన పెద్ద గుమాస్తా తల పట్టుకున్నాడు.

"ఎంత పని జేసినవయ్యా! పావు వంతు సచ్చినయని రాయాలె. సచ్చినవాటి జాగల కొత్తయి పెట్టేటందుకే పైసలిస్తరు. గా పైసలకెల్లే నీళ్లు పోసేటామె కూలి సర్దుతం. బతికినవాటికి పద్దే లేదు."

ఎవరికైనా మంచి చేద్దామని రాసిన రిపోర్టు కూడా కాదది, నా గొప్ప కోసం రాసింది. అందుకే ఆమెకు చెప్పడానికి ఇంకెవరినీ పంపకుండా నేనే వెళ్లాను. గోడ నీడలో నిలబెట్టి, రేపటి నుంచి కూలి ఇవ్వలేమని, తప్పు నాదేనని, జరిగిందంతా చెప్పాను. తిడితే బాగుండేది.

"సచ్చినయని రాస్తే పైసలొస్తుండెనా?" అని అడిగింది.

అవునన్నాను.

"ముందుగాల చెప్తే రెండు మూడు ఎండబెడుతుంటి గద సార్."

నాకు తలెత్తి చూడాలంటే సిగ్గేసింది. ఆమె కాసేపు ఆ మొక్కల వరస వైపే చూసింది.

"లేదు సార్, గది నాతోని గాకపోతుండె" అంది. తర్వాత ఖాళీ బిందె చంకనెత్తుకుని, "ఇగ ఎండలు ముదురుతున్నయి, వీటికి నీళ్లెవలు పోస్తరు?" అని నన్నడిగింది.